సగటు

రోల్లా వెనక గల్లీలో మా టైపింగ్ సెంటర్.
రెండు కంప్యూటర్లు, ఒక స్టాంపుల పెట్టె,
ఏసీ కారే నీళ్ళకి కింద ఒక ఖాళీ నూనెడబ్బా.
పొద్దున ఎనిమిది నుంచీ నేనక్కడ
ఇతరుల కారణాలు టైపు చేస్తుంటాను.
జీతం ఎందుకు రాలేదో,
పాస్‌పోర్టు ఎవరి సొరుగులో ఉందో,
ఫోర్‌మన్ ఎందుకు చెయ్యి చేసుకున్నాడో.
అర్జీకి పదిహేను దిర్హాములు.
కామాలకు వేరే తీసుకోను.

సాయంత్రం యూనివర్సిటీ బస్సు.
నా సగటు రెండు పాయింట్ నాలుగు ఒకటి.
లా కాలేజీ గడప మూడు దగ్గరుంది.

సగటుకు మతిమరుపు లేదు.
కొత్త మార్కు ఎంత మెరిసినా
పాత మార్కుల వరసలో పోయి కూర్చోవలసిందే,
ఉప్పు ఎక్కువైన కాగెడు పులుసులో
గ్లాసెడు మంచినీళ్ళు పోసినట్టు.

చెడిపోయిన ప్రింటు వెనకవైపు లెక్క వేశాను.
మిగిలిన పది సబ్జెక్టుల్లో పదింటికీ ఏ వచ్చినా
రెండు పాయింట్ ఎనిమిది ఒకటి.
డి వచ్చిన మూడూ మళ్ళీ రాసి
వాటిలోనూ ఏ తెస్తే
మూడు పాయింట్ సున్నా మూడు.
ఆ సున్నా మూడు
షట్టర్ కింద నుంచి దూరే వెలుతురంత.

ఆ మూడింట్లో ఒకటి స్టాటిస్టిక్స్.
సగటంటే ఏమిటో మొదటి క్లాసులోనే చెప్పారట.
ఆ రోజు నేను వెళ్ళలేదు.

దరఖాస్తులో ఒక గడి ఉంది:
మార్కులు తగ్గడానికి కారణాలు,
రెండు వందల యాభై మాటలు మించకుండా.
అమ్మకు జబ్బని రాయి, ఎవరు చూడొచ్చారు,
అంటుంది పక్క సీటు షీబా.
అమ్మ అజ్మాన్‌లో అబాయాలకు పూసలు కుడుతుంది.
ఒక్క పూట ఒళ్ళు నలతగా ఉందని పడుకోలేదు.
ఆమెకు లేని రోగం
పదిహేను దిర్హాములిచ్చినా అంటగట్టలేను.

నిజం ఏమంటే, పంతొమ్మిదేళ్ళప్పుడు
ఖాలిద్ సరస్సు గట్టున పల్లీలు వొలుచుకుంటూ
నీళ్ళలో లైట్లు చూస్తూ కూర్చున్నాను,
రెండు సెమిస్టర్లు.
ప్రేమా కాదు, దుఃఖమూ కాదు.
ఒక్కదాన్నే. పల్లీలు బాగుండేవి.

నిన్న స్టాటిస్టిక్స్ ఫలితం వచ్చింది.
ఏ కాదు, బి.
పాత డి ఎక్కడికీ పోదట,
పక్కన ఒక చుక్క పెట్టి ఉంచుతారట.
మళ్ళీ లెక్క వేశాను.
ఇక అన్నీ ఏలే అయితే
మూడు పాయింట్ సున్నా సున్నా, ఆ పైన ఓ పిసరు.
జారడానికి ఇంకెక్కడా చోటు లేదు.

ఇవాళ సజా క్యాంపు నుంచి చిన్నరాజం మామ వచ్చాడు.
క్యాంపు పేరు వింటే
ఉర్దూ వచ్చినవాళ్ళు ఒక నవ్వు నవ్వుతారు.
ఇది నాలుగోసారి.
అర్జీ అదే, తేదీ మారుస్తాను,
బాకీ నెలల అంకె మారుస్తాను.
మొదటిసారి మూడు, ఇప్పుడు ఏడు.
అదొక్కటీ నా సగటులా కాదు, చకచకా పెరుగుతుంది.

ఎంతస్తె వకీలువైతవ్ బిడ్డా?
మూడు రావాలె మామా.
గిప్పుడెంతుంది?
రెండున్నరకు జర తక్కువ.
వేళ్ళు మడిచి చూసుకున్నాడు.
మూడిట్ల రెండున్నర అచ్చినట్టే నాయె,
నాకు ఏడిట్ల ఒక్కటన్న రాకపాయె,
అని నవ్వి, చాయ్ తేవడానికి లేచాడు.
నేను స్పేస్ బార్ మీద బొటనవేలు ఆనించి
ఊరికే ఉండిపోయాను.
తెర మీద ఖాళీ సాగుతూ పోయింది.

రాత్రి షట్టర్ సగం దించి
ఆ గడి తెరిచాను.
అలవాటు కొద్దీ
అయ్యా, కింద సంతకం చేసిన నేను
అని పడింది. చెరిపేశాను.
కారణం లేదు, అని కొట్టాను.
రెండు మాటలు.
మిగిలిన రెండు వందల నలభై ఎనిమిదీ
తెల్లగా నన్నే చూస్తున్నాయి.

ఒక కామా పెట్టి ఆగాను.
చుక్కచుక్కగా నిండిన నూనెడబ్బా
అంచు దాటి నేల మీదికి కారుతోంది.
పారబోసి రావడానికి లేచాను.