పెద్ద బుడగలో చిన్న మాట

నేను బొమ్మలు వెయ్యను.
బొమ్మల నోట్లో మాటలు రాస్తాను.
టొలీడోలో, లాండ్రీ కొట్టు మీది గదిలో,
కింద పన్నెండు యంత్రాలు బట్టల్ని చితకబాదుతుంటే
పైన నేను ఢాం అనీ, ఫెళ్ అనీ
నల్లసిరాతో ఉరుములు దిద్దుతుంటాను.
పేజీకి రెండు డాలర్లు.
ఉరుముకి వేరే ఇవ్వరు.

పంతొమ్మిదేళ్ళుగా ఉక్కు కొంగకి నేనే నోరు.
అవును, కొంగే. ఇనుప రెక్కలు.
గడియార స్తంభమెక్కి ఒంటికాలి మీద నిలబడతాడు.
మొదటి పేజీలో దొంగలు కొంగ జపమని నవ్వుతారు.
ఏడో పేజీలో నవ్వరు.
వంతెనలు భుజాన మోస్తూ అతను అన్నదంతా నా చేతిరాతే:
"భయపడకండి!"
ఎన్ని వందలసార్లు రాశానో,
నిద్రలో లేపి అడిగినా ఆ ఆశ్చర్యార్థకం వంకర పోదు.

ఈ చలికాలం అమ్మకాలు పడిపోయాయి.
పక్క కంపెనీలో అప్పటికే తుఫాను రాణికి కవలలు,
నీడల ప్రభువుకి, చీకటంటే హడలిపోయే కూతురు.
మా సంపాదకుడు వెండెల్ చుట్ట నములుతూ
"కొంగకీ ఓ పిల్లాణ్ణి పెడదాం" అన్నాడు,
సూపులో ఇంకాస్త ఉప్పు వేద్దాం అన్నట్టు.
అలా పుట్టాడు ఆరిన్,
తల్లి కడుపు తెలియకుండా, తొమ్మిదేళ్ళ వయసుతో,
ఒక సోమవారం మీటింగులో.

వాడికి రెక్కలు రాలేదు. బలమూ రాలేదు.
తండ్రి చెవి ఒక్కటే వచ్చింది.
నది అవతల ఎవరు కేకేసినా
భోజనాల బల్ల దగ్గర
రెండు చెంచాలూ ఒకేసారి ఆగుతాయి.

ఇది కనిపెట్టింది తాడియస్, పెన్సిలు పనివాడు.
ఎంత క్రూరమైన వరమిచ్చాడో అతనికి తెలుసో లేదో!
మిగతా పిల్లలకి కోపమైనా మిగులుతుంది.
నాన్న అబద్ధమాడాడు, నాన్నకి పనే ముఖ్యం అనుకుని
తలుపు ధడాల్న వేసుకోవచ్చు.
వీడికి ఆ తలుపు కూడా లేదు.
ఆ కేక నిజమని వీడికి తెలుసు.

మా నాన్నది గాజు కార్ఖానాలో రాత్రి షిఫ్టు.
ఎవర్నీ కాపాడలేదు.
అయినా ఇంట్లో ఉండేవాడు కాదు.
నాకు తలుపుండేది. బాగానే వాడుకున్నాను.

పద్నాలుగో పేజీ. స్కూలు హాలు.
గడ్డం దాకా వచ్చే అకార్డియన్‌తో ఆరిన్.
మూడో వరసలో మామూలు కోటులో కొంగ,
పిల్లల కుర్చీలో మోకాళ్ళు ఇరికించుకుని.
పాట సగంలో, ఎక్కడో నది మీద మంచు పగిలింది.
ఒక ఆడమనిషి గొంతు.
ఇద్దరూ తలెత్తారు.
తండ్రి లేవలేదు.
తాడియస్ గొప్పంతా అక్కడే ఉంది,
లేవని మోకాళ్ళు గీశాడు.

కొడుకు నోటి దగ్గర పెద్ద బుడగ.
స్క్రిప్టులో ఉన్న మాట:
"వెళ్ళు నాన్నా, నువ్వు అందరి నాన్నవి!!!"
మూడు ఆశ్చర్యార్థకాలూ వెండెల్‌వే.

కలం ముంచాను. ఆరిపోయింది. మళ్ళీ ముంచాను.
కింద ఏదో యంత్రం ఆఖరి చుట్టు తిరిగి ఆగింది.
మా పనిలో ఒక కట్టుబాటుంది,
పెద్ద బుడగలో చీమంత అక్షరాలు పెడితే
అది గుసగుస.

"వెళ్ళు" అని రాశాను.
మిగతా తెలుపంతా వదిలేశాను.

వెండెల్ ఫోన్లో అరిచాడు,
ఖాళీకి డబ్బివ్వనన్నాడు.
అప్పటికే అచ్చు తిరుగుతోంది.

మార్చిలో సాగినా నుంచి ఒక కవరు.
లోపల పద్నాలుగో పేజీ, కత్తెరతో వంకరటింకరగా కోసింది.
"మా నాన్న రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతాడు.
మీరు ఇక్కడ రాయడం మర్చిపోయారు. నేను రాశాను.
లోర్నా పెల్కీ, మూడో తరగతి."

నా మాట కింద, పెన్సిలుతో,
లావుపాటి అక్షరాలు, చోటు చాలక
బుడగ అంచు దాటి హాలు గోడ మీదికెక్కి:

"చేతి తొడుగులు కుర్చీ మీదే ఉన్నాయి.
తీసుకెళ్ళు."