కొలత

మేం నీళ్ళు తెలిసినోళ్ళం కాదు.
దేవనకొండ అవతల మా ఊళ్ళో
ట్యాంకరు వచ్చే పొద్దుకు బిందెలు వరస పెట్టి
ఎండలో కూర్చునేటోళ్ళం.
అట్లాంటోళ్ళం పదారుమందిమి
శెనక్కాయ పీకే పని పక్కన పడేసి
మద్దిలేటి ట్రాక్టరెక్కి కర్నూలుకు పోయినాం,
వరద తీసిన ఊరిని కడగడానికి.

పారలు, గంపలు, రెండు మూటల బొరుగులు,
తిమ్మక్క ఒళ్ళో ఊరగాయ జాడీ.
ఎవరూ పిలవలే.
టీవీలో చూసి ఊరుకుందు "పోదామా" అనె,
అంతే.
నిజం చెప్తా,
అన్ని నీళ్ళు ఎట్లుంటాయో చూద్దామనే
మాలో సగంమందికి.

మేం చేరేసరికి తుంగభద్ర
తన గట్ల నడుమకు పోయి
ఏమీ ఎరగనట్టు పారుతుండె.
పాతబస్తీ గోడల మీద
మనిషి తలకు మూరెడు పైన
ఒకటే గీత, దారం పట్టి గీసినట్టు,
ఇంటికీ, బడికీ, ఠాణాకూ, వడ్డీ అంగడికీ.

ముందు ఎవరిల్లు అంటే
ప్రతివాళ్ళూ పక్కిల్లే చూపించిరి.
అట్లా పోతా పోతా సందు చివర
దర్జీ ఖాదర్‌లింగ అంగడి తగిలె.
ఆయనొక్కడే అనె, "నాదే ముందు" అని.
మాకు కొంచెం కోపం వచ్చింది.

మోకాటిలోతు ఒండ్రు.
మిషను చక్రం ఒక్కటి పైకి తేలి ఉంది.
దాని మీద చెయ్యేస్తే
"అది ఉండనీ అయ్యా, అది నాది.
బట్టలు తియ్యండి. బట్టలు ఊరోళ్ళవి."

పార వేస్తే చినుగుతాయని
చేతుల్తోనే తవ్వినాం.
గడ్డలుగా వచ్చె.
నొక్కితే కాలరు తెలిసె, గుండీ తెలిసె.
శెనక్కాయ తవ్వినట్టే ఉందనె తిమ్మక్క.
ఆయన కండ్లు మూసుకొని, వేళ్ళతో తడిమి చెప్తుండె:
ఇది కాంపౌండరుది.
ఇది పంతులమ్మ రవిక, చంక కింద అర అంగుళం వదలమనింది.
ఇవి కవలలవి, చిన్నోనికి ఎడమ భుజం వాలు.
ఇది పెండ్లికొడుకు కోటు.
"పెండ్లెప్పుడు?" అనె ఊరుకుందు.
"మొన్న బుధవారం."

నలభై రెండుకు నలభై దొరికె.
మిగిలినవి ఎవరివో ఆయన చెప్పలే.

ఊరంతా నీళ్ళే వచ్చిపోయినా
ఉతకడానికి చెంబెడు లేవు.
సాయంత్రం ట్యాంకరు వచ్చె.
జనం మీద జనం, బిందె మీద బిందె.
ఎన్నడూ కొళాయి తప్ప ఎరగని ఊరు గదా,
వాళ్ళకు వరస తెలీదు.
మాకు తెలుసు.
తిమ్మక్క కొంగు బిగించి నడుమ నిలబడె.
చంటిబిడ్డలోళ్ళు ముందు, మనిషికి రెండు,
పైపు పట్టేది ఒక్కరే.
తొలిసారి ఎవరికో మా కరువు పనికొచ్చింది.

ఒక తొట్టి నీళ్ళతో నాలుగు దఫాలు ఎట్లా ఉతకాలో
అదీ మేమే చూపించినాం.
కరెంటు తీగ తెగి వేలాడుతుంటే
దాని మీదే ఆరేసినాం,
ఊరి చొక్కాలన్నీ.

చీకటి పడే పొద్దుకు ట్రాక్టరెక్కబోతే
ఖాదర్‌లింగ నా రెక్క పట్టుకొని ఆపె.
టేపు ఏట్లో పోయింది.
కొలతల పుస్తకం తెరిస్తే
పేజీ పేజీకీ నీలి మచ్చ.
జానతో కొలిచినాడు నన్ను.
భుజం జానా నాలుగేళ్ళు, చెయ్యి రెండు జానలు...
హమీదాబీ గడపలో నిలబడి
ఒక్కో లెక్కా నోట్లో అనుకుంటుండె,
రాసేందుకు కాగితం లేక.
"ఎందుకు భాయ్ ఇదంతా" అంటే
"కదలొద్దు" అనె.

చలికాలం దాటినాక
పత్తికొండ బస్సు కండక్టరు తెచ్చిచ్చె
పాత పేపరులో చుట్టిన చొక్కా.
నీలం గళ్ళది.
వేసుకుంటే వదులు.
భుజాల మీద, రొమ్ము మీద, చేతుల చుట్టూ
అంతటా సమంగా ఒక గోరు మందం.
"ఏం దర్జీనో" అని నవ్వె మా ఆడమనిషి,
పక్కలు పట్టిస్తాననె.

వద్దన్నా.
ఆ పొద్దు నా ఒంటినిండా బురద ఉండె గదా,
ఆయన దాంతో కలిపే కొలిచినాడు.