సున్నా పాయింట్ డెబ్బై తొమ్మిది

బియ్యం సంచిలో చుట్టి తెచ్చినాడు ల్యాప్‌టాప్‌ను
మామిడి మండీలో లెక్కలు రాసే ధనకోటి.
పదేండ్ల పాతది. ఎంటర్ కీ కింద
పోయిన సీజన్ తోతాపురి రసం ఎండి నల్లబడింది.
"మార్చేదేమన్నా ఉంటే మార్చుమ్మా,
కొత్తది కొనే యోగం ఈ ఏడూ లేదు.
టన్ను ఏం రేటు పలకతా ఉందో వింటానే ఉండావు కదా."

హార్డ్ డిస్క్ పీకి ఎస్సెస్‌డీ వేసినాను.
నాలుగు జీబీ ర్యామ్ పక్కన ఇంకో నాలుగు.
నా బల్ల మీది చార్జర్ గుచ్చి ఆన్ చేస్తే
అతను కండ్లద్దాలు తుడుచుకునేలోపే తెర తెరుచుకుంది.
"ఇంక గుర్రమే" అన్నాను.
గ్రీమ్స్‌పేటలో అంగడి పెట్టుకున్నదాన్ని,
ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నాలుగో రోజు మళ్లీ అదే సంచి.
"నువ్వు బాగు చేసినాకనే చెడిందమ్మా."
కోపంగా అనలేదు.
కోపంగా అనుంటే ఏదో ఒక జవాబు చెప్పేదాన్ని.

సంచిలో ఉన్న అతని చార్జరే గుచ్చినాను.
తూకం పట్టీ తెరిస్తే
జ్యూస్ ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టర్ల మాదిరి
ఒక్కో గడీ జరిగి, నిలబడి, జరిగి వస్తా ఉంది.
ప్రాసెసర్ వేగం చూసినాను:
సున్నా పాయింట్ డెబ్బై తొమ్మిది.
రెండున్నర దాటి పరుగెత్తాల్సింది.
ఏం తెరిచినా అదే. అన్నీ మూసినా అదే.
వేడెక్కిందా అంటే, నలభై రెండు డిగ్రీలే.

మొదటి రాత్రి నా చేతినే అనుమానించినాను.
కొత్త ర్యామ్ తీసేసినాను, మళ్లీ పెట్టినాను.
ఫ్యాన్ విప్పితే దూది మాదిరి దుమ్ము,
దాంట్లో ఒక చీమ, అది మోసుకొచ్చిన మెతుకు.
ఎండిన పేస్టు గీకి కొత్తది పూసినాను.
రెండో రాత్రి పవర్ సెట్టింగులు, బయాస్,
చివరికి విండోస్ మొత్తం చెరిపి ఓనమాల నుంచి.
"ప్రాసెసరే పోయిందని చెప్పేయక్కా" అన్నాడు యోగి.
వాడికి ఇంటికి పోవాల.
డెబ్బై తొమ్మిదంటే బడిలో మంచి మార్కులే,
ముందర ఆ సున్నా, ఆ చుక్క లేకుంటే.

మూడో రాత్రి గాలివానకు కరెంటు పోయింది.
బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, మిషనూ ఆరిపోయింది.
రోడ్డు మీద ఎవరిదో రేకు దొర్లిన చప్పుడు వింటా
చీకట్లో కూర్చున్నాను, స్క్రూలు అరచేతిలో పెట్టుకుని.
కరెంటు వచ్చినాక
చేతికి తగిలిన తీగ గుచ్చినాను, చూడకుండానే.
ఫ్యాన్ లేచింది, మూడు రాత్రులుగా వినని హోరు.
రెండు పాయింట్ ఆరు.
తీగ మీద వేలు పెట్టి
బల్ల కొస దాకా పోయినాను.
నా చార్జర్.

పొద్దున అడిగితే చెప్పినాడు:
పాతదాన్ని మండీలో ఎలుక కొరికిందంట,
బస్టాండు కాడ మూడువందల యాభైకి ఇది కొన్నాడంట.
"లైటు వెలగతా ఉందే, కరెంటు వస్తా ఉందే!"
వస్తాది. కానీ మొన నడుమ సూదంత పిన్ను ఉంటాది పెద్దాయనా,
నువ్వెవరు, ఎంత మోయగలవని
మిషను దాంట్లోంచి అడుగుతాది.
జవాబు రాకుంటే నమ్మదు.
కడుపు కట్టుకుని, తాగీ తాగనట్టు తాగుతాది.

"మేమూ అంతే కదమ్మా.
చీటీ లేని బండిని లోపలికి రానిస్తాం,
సరుకు దించనియ్యం."
నేను మూడు రాత్రులు వెతికింది
అతనికి అర నిమిషంలో అందింది.

డ్రాయర్‌లో పాత ఒరిజినల్ ఒకటుంటే ఇచ్చినాను.
బిల్లు: చార్జర్, ఆరు వందలు.
లెక్కల మనిషి, చీటీని వెనక్కి తిప్పి కూడా చూసినాడు.
"మూడు రాత్రులు యాడ రాసినావు?"
"తరుగు కింద కొట్టేయండి."
నవ్వలేదు.
ఇంకో రెండొందలు తీసి మల్టీమీటర్ కింద పెట్టినాడు.
"తరుగు రాసేది నేనేమ్మా,
దాంట్లో ఎవరి కష్టం పోతాదో నాకు తెలుసు."

సాయంత్రం ఆ బస్టాండు చార్జర్‌ను కోసి చూసినాను.
రెండే తీగలు.
పిన్ను ఉంది, సూటిగా, మెరుస్తా.
దాని వెనకాల ఏమీ లేదు.