దెయ్యం గోటి గీతలు

మా నాన్న విజిటింగ్ కార్డు ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది.
మాజ్డా అని పెద్దక్షరాల్లో,
కింద దిష్టిచుక్కంత, మోరివాకి తెత్సుజో అని.
హోదా రాయాల్సిన చోట సేల్స్ అని అచ్చేశారు.
అప్పటికి ఆయన జన్మలో దేన్నీ అమ్మి ఎరగడు.
నోట్లో నాలుక లేని మనిషి.
ఉండాల్సిన నాలుకంతా
చూపుడువేలి కొనలోకి దిగింది.

ఆ వేలికి పని ఇదీ:
ఇంజన్ లోపల, నడుము నొక్కిన పట్టుగూడులాంటి గది.
అందులో మూడు మూలల అన్నం ముద్దలా
ఒక ఇనుప ముక్క గిర్రున తిరిగేది,
తిరిగి తిరిగి గోడను గీరేది.
అలలు అలలుగా పడ్డ ఆ గీతలకు
ఫ్యాక్టరీలో అనుకునే పేరు దెయ్యం గోళ్లు.
కంటికి ఆనకముందే వేలికి దొరకాలి.
రాత్రి భోజనానికి కూర్చున్నా
గిన్నె అంచు తడుముతూనే ఉండేవాడు.
"అన్నం చల్లారుతోంది,
దెయ్యం దొరికిందా?" అనేది అమ్మ.

మొదట్లో బెండు అమ్ముకున్న కంపెనీ అట అది.
నీళ్లలో మునగని సరుకు,
అందుకే ఇన్నాళ్లుంది, అని నాయనమ్మ నవ్వేది.
ఆ ఆగస్టు పొద్దున
హిజియామా కొండ అడ్డం నిలిచింది గనక
ఫ్యాక్టరీ మిగిలింది.
పనివాళ్ల ఇళ్లు చాలావరకు కొండకు అవతల.
నాయనమ్మ ఈ వాక్యం దగ్గర ఆగి
కప్పులోకి టీ వంచుకునేది.
డిసెంబరుకల్లా మూడు చక్రాల బళ్లు మళ్లీ బయటికొచ్చాయి,
అని వేరే వాక్యం మొదలుపెట్టేది.

గీతలు పోయాయి. ఇంజన్‌కి పేరొచ్చింది.
వచ్చినంత కాలం పట్టలేదు పోవడానికి.
చమురు ధర కొండెక్కిన రోజుల్లో
మా కార్ల గురించి ఎక్కడ విన్నా ఒకటే మాట:
మంచినీళ్లలా తాగేస్తుంది.
అమ్ముడుపోని బళ్లు వాన నీళ్లలో వరసగా నిలబడ్డాయి.
మెషీన్ల ముందు నుంచి మనుషుల్ని లేపి
షోరూములకు పంపారు.
నాన్నకు అకితా పడింది.
అమ్మ టై కట్టి చెప్పింది:
ముడి విప్పకు. తలలోంచి తీయి, తలలోంచి వేసుకో.

ఇంటింటికీ తిరిగాడు, బూట్ల నిండా మంచు.
గుమ్మంలో వంగి, రెండు చేతులతో కార్డు ఇచ్చి,
తరవాత ఏం మాట్లాడాలో తెలియక
ఇంకోసారి వంగేవాడట.

ముల్లంగిని పొగబెట్టి అమ్మే
ఓనోదెరా కినుయో గారు ఒక్కతే అడిగింది,
"పెట్రోలు బాగా తాగుతుందటగా?"
"తాగుతుందండి."
"ఎంత?"
చెప్పాడు. దశాంశంతో సహా.
ఆవిడ గోడకు ఆనుకుని నవ్వింది,
పొగకు దగ్గొచ్చేదాకా.
ఆ నవ్వు కింద, వెనక ఎక్కడో,
నీటిబొట్టు చప్పుడు ఆయనకు వినబడింది.
అనుమతి అడిగి, బూట్లు విప్పి,
వంటింటి పంపు ఊడదీసి లోపల వేలు పెట్టాడు.
వెంట్రుకంత గీత.
సేల్స్ వాడి సంచిలో గరుకు కాగితం ఎందుకుందో
మేమూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆవిడ కారు కొనలేదు.
వసంతంలో వేరే కంపెనీది కొన్నానని
కొత్త సంవత్సరం కార్డులో దాచకుండా రాసింది.
దాని కిందే:
మీ పంపు కారడం లేదు.
మళ్లీ ఏడూ అదే. ఆ మరుసటేడూ.

ఫ్రాన్సులో ఇరవైనాలుగు గంటల పందెం
మా ఇంజన్ గెలిచిన వారం
పేపర్లన్నీ దాని అరుపు గురించే రాశాయి.
అమ్మ పేపరులో నేరేడు చేపలు చుట్టబోయి
నాలిక కరుచుకుని నాన్న వంక చూసింది.
"చుట్టు," అన్నాడు.
ఆయన దాచుకున్నవి
పంతొమ్మిది పోస్టుకార్డులు, రబ్బరు బ్యాండు వేసి.

చివరిది వేరే చేతిరాత.
అమ్మ నవంబరులో పోయారు.
పంపు కారడం లేదు.

నాన్న ఆ అక్షరాల మీద వేలు ఆనించి
ఈ కొస నుంచి ఆ కొసకు
మెల్లగా నడిపించాడు, మళ్లీ వెనక్కి.
అమ్మ అన్నం సంగతి ఎత్తలేదు.