అడ్డచువ్వల గేటు

మందసలో వెల్డింగు దాలయ్యకి
మూడుసార్లు చెప్పాల్సొచ్చింది:
నిలువు చువ్వలు కాదు మావా, అడ్డం.
జానెడుకి రెండు వేళ్ళు తక్కువ సందు.
మనిషి దూరకూడదు,
గబ్బిలానికి రెక్క తగలకూడదు.

"గబ్బిలాలకి గేటేట్రా గున్నయ్యా!"
నవ్వి, నల్లద్దాలు దించుకున్నాడు.

ఎనిమిదిమందిమి భుజాలకెత్తుకుని
జీడితోటల్లోంచి కొండెక్కుతుంటే
ఎదురొచ్చినాయన ఆగి అడిగాడు,
ఎవరి పెళ్ళి మంచమని.

అప్పట్నుంచి నా పని గుహ గుమ్మంలో.
ఒక రిజిస్టరు, ఒక నీళ్ళతొట్టి, ఆరు హెల్మెట్లు.
ఎవరొచ్చినా అదే పాఠం:
చెప్పుల బురద ఇక్కడ కడగండి,
ఇంకో గుహ మట్టి ఈ గుహకి పడదు.
ఆరుగురికి మించి వద్దు.
దీపం నేలమీదే ఉంచండి, పైకెత్తకండి.
గోడని ముట్టకండి,
చేతి జిడ్డు అంటిన చోట
రాయి ఎదగడం మానేస్తుంది.

పలాస నుంచి బైకులమీద వచ్చిన కుర్రాళ్ళలో
ఒకడు పకపకా నవ్వాడు:
"రాయే కదన్నా!"

వాడినేమీ అనలేకపోయాను.

పన్నెండేళ్ళప్పుడు నేనూ అదే అన్నాను.
కప్పునుంచి వేలాడుతోంది,
ములక్కాడంత లావు, పాలతెలుపు,
కొసన ఒక నీటిబొట్టు.
రెండు చేతులా పట్టి ఊగాను.
విరిగిన చప్పుడు
పలకమీద బలపం విరిగినట్టే, అంతే.

అమ్మ దాన్ని అంబలికుండ మూతమీద బరువు పెట్టింది,
పిల్లి తొయ్యకుండా.
పొగచూరి పసుపెక్కింది,
ఆ తర్వాత ఏ రంగూ కాకుండా పోయింది.
అమ్మ పోయింది, కుండ పగిలింది,
అది మాత్రం పొయ్యిపక్కనే ఉండేది.

కిందటేడు గుహ కొలతలు తియ్యడానికి
బొబ్బిలి నుంచి హైమావతి అని ఒకమ్మాయి వచ్చింది.
విరిగిన మొదలుమీద లైటు వేసి
చాలాసేపు ఏం రాసుకోలేదు.
"ఇక్కడ వేలెడు పెరగాలంటే
ఎన్ని వందలేళ్ళో, గున్నయ్యగారూ."
గారూ అంది.
చీకట్లో నా వేలు నాకు కనపడలేదు, నయం.

ఆ రాత్రే తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళాను.
మొదలు కింద, నేలమీద పడుకోబెట్టాను.
అతుకుతుందని కాదు.
ఇంట్లో ఉంచలేక.
కూర్చున్నాను. చాలాసేపటికి
పైనుంచి ఒక బొట్టు దానిమీద పడింది.
ఇంకోదాని కోసం ఉండలేదు.

చైత్రం నుంచి ఆషాఢం దాకా గేటుకి తాళం.
"అనుమతి లేనిదే ప్రవేశము నిషిద్ధము"
ఆ బోర్డు ఎవరూ చదవరు.
దానికి చేరబడి ఫోటోలు దిగుతారు.
దారిలో పనసకాయలమ్మే సవర సుక్కాయమ్మ మాత్రం
బుట్ట దించకుండానే చెబుతుంది:
"లోపల పురుడొచ్చింది బాబూ.
పురిటింట్లోకి ఎవులెల్తారు?
బిడ్డలు ఎగరడం నేర్సినాక రండి."
మొన్న ఒక పెద్దమనిషి
అప్పటికే చెప్పులు విప్పినవాడు
మళ్ళీ తొడుక్కుని దిగిపోయాడు.

రిజిస్టరులో నాలుగు గళ్ళు:
పేరు, ఊరు, లోపలికెళ్ళిన వేళ, బయటికొచ్చిన వేళ.
మొదటి పేజీ మొదటి వరసలో నాదే ఉంది.
మూడు గళ్ళు నింపాను.

పొద్దుగూకింది. ముందు ఒకటి,
ఆనక పదో పదిహేనో,
ఆ తర్వాత లెక్కకందనంత
తూరుపు పొలాలకేసి
చువ్వల సందుల్లోంచి పొగలా.
ఒక్కటీ ఇనుముకి తగల్లేదు.
దాలయ్యకి ఈ సంగతి చెప్పాలి.

సుక్కాయమ్మ కింద కేకేస్తోంది,
బుట్ట ఎత్తాలట.