రంగునీళ్ల లెక్క

కొత్తవాడ రంగుల కార్ఖానాకు
మంగళవారం ఒక ఫారం వచ్చింది.
పదకొండు పేజీలు. మూడు ప్లాస్టిక్ సంచుల్ల చుట్టి,
పైన పచ్చని ఆకు ముద్ర.

"కిలో నూలుకు ఎన్ని లీటర్ల నీళ్లు?"
మొదటి ప్రశ్న పైకి చదివిన.
ఆడెపు భిక్షపతి గంగాళం మీదికి వంగి
కట్టెతో నూలు తిప్పుతున్నడు.
"లీటర్లు నాకేం ఎరుక బిడ్డా,
బకీట్లు అడుగు, చెప్త."

బకీట్లే లెక్కపెట్టినం.
సంఘం పద్దులు రాసేదాన్ని నేను.
పదేండ్ల సంది నూలు రాసిన, కూలి రాసిన,
మొండి బాకీలు రాసిన,
నీళ్లకు ఒక్క గీత కొట్టలే.
బోరు మనది, కరెంటు బిల్లు సంఘానిది,
నీళ్లు ఎవరివో ఎవ్వరూ అడగలే.

పసుపు నూలు ముందు ముంచుతడు.
పసుపు జాడించిన నీళ్లల్ల నారింజ,
నారింజ నీళ్లల్ల ఎరుపు,
ఎరుపు నీళ్లల్ల మెరూన్.
నలుపుది పెండ్లిల ఆఖరి బంతి,
మిగిలిందంతా దానికే.
"నీళ్లు మిగలాలనా?" అన్న.
నవ్విండు. "మా నాయిన పిసినారి."
ఫారంల ఆ ముచ్చటకు గడి లేదు.

వాడిన నీళ్లు ఎటు పోతయి?
అది మా వాడ పిల్లలకు గూడ ఎరుకే.
మోరీ చూసి ఆర్డర్ చెప్పేటోళ్లు.
నీలం పారితే మసీదు జంపఖానాలు,
ఎరుపు పారితే ఫంక్షన్ హాలు.
ఆకుపచ్చ పారిన నాడు
సరూపక్క మేక దగ్గరదాంక పోయి
గడ్డి కాదని మూతి ఎనకకు తీసుకున్నది.

అన్నీ కలిసి బొందివాగులకు.
ఒక వానకాలం ఆ వాగే
మా ఇండ్లల్లకు తిరిగొచ్చింది,
నడుమెత్తున గోడల మీద
మా రంగులే మాకు పూసి పోయింది.
నా బీరువా కింది అర
ఇప్పటికీ మెరూనే.

ఈ యేడు గుంత తవ్వినం.
గులకరాళ్లు, ఇసుక, బొగ్గు, మళ్ల ఇసుక.
ఇరవై మూడు మందిమి, తలా వెయ్యి.
వేముల రాజకొంరు ఇయ్యనన్నడు.
"పెద్ద కంపెనీలు ఏర్లకు ఏర్లు ఖరాబు చేయంగ
నా వెయ్యితోని ఆగుతదా?"
జవాబు ఎవ్వరి దగ్గర లేదు.
నాలుగొద్దులకు రెండు ట్రిప్పుల ఇసుక వచ్చి పడ్డది.
ఎవరు పంపిండ్రో డ్రైవర్ చెప్పలే.
ట్రాక్టర్ మాత్రం రాజకొంరు అల్లునిది.

గుంతల తేరిన నీళ్లు
మొదటి జాడింపుకు తోడుకుంటున్నం.
ఇప్పుడు మోరీల పారేది
చాయ్ గిన్నె కడిగినంత.
పిల్లలకు ఆట పోయింది.
"అక్కా, పని బందా?" అని అడుగుతున్నరు.

గుంత అడుగున బురద.
అన్ని ఆర్డర్లు కలిసి ఒక రంగు,
భిక్షపతి గూడ పేరు పెట్టలేని రంగు.
నెలకు ఆరు సంచులు.
షెడ్డు ఎనక పేర్చినం, ముప్పై ఒకటి అయినయి.
మున్సిపాలిటీ బండాయన ముట్టనన్నడు.
"ఊరవతల పొలాల దిక్కు ఒంపుండ్రి, ఎవలు జూస్తరు?"
అన్నడు ఇంకొకాయన.
భిక్షపతి కట్టె కింద పెట్టి
ఆయన మొఖం దిక్కు చూసిండు.
అంతే.

పదకొండో పేజీల ఆఖరి గడి:
ఇతర విశేషాలు.
పొద్దుగూకినంక కూసున్న.
కరెంటు పోయింది. ఫోను వెలుతుర్ల రాసిన.

కిలోకు పద్నాలుగు బకీట్లు ఉండె, ఇప్పుడు ఎనిమిది.
బురద సంచులు ముప్పై ఒకటి.
వాటిని ఏం చేయాల్నో మాకు తెల్వది.
మీకు తెలిస్తే రాయగలరు.

కింద భిక్షపతి వేలిముద్ర కావాలె.
ఇంకు డబ్బా కోసం సొరుగు గుంజిన.
"ఎందుకు?" అని
బొటనవేలు తడి చేసి
కాయితం మీద ఒత్తిండు.
నీలంగ పడ్డది.