కీచురాయి

బ్రాడీపేట నాలుగో లైన్లో, మెట్ల కింద గదిలో
కట్టుడు పళ్లు అరగదీసేవాణ్ణి నేను.
మా గురువు షే డాక్టరు. బోర్డు మీద పేరు ఉన్నా
ఊరికి చైనా డాక్టరే.
"ఏందిరా సైదులూ, ఆ దవడ ఇంకా నున్నగా రాలా?"
అని కసిరేవాడు, అచ్చం మా పేటోడిలాగే.

సొరుగులో, మైనం ముద్దల వెనక
అగ్గిపెట్టె. దూది. దూదిలో పురుగు.
బొటనవేలి కణుపంత.
పాలలో ఒక్క చుక్క ఆకుపసరు పడ్డ రంగు.
లెక్కపెట్టా, మొత్తం ఎనిమిది గీతలు.
అంతకే రెక్కలొచ్చాయి, గుడ్లొచ్చాయి,
ఇప్పుడో ఇంకాసేపటికో ఎగిరేటట్టుంది.

"జేడ్‌ని చెక్కరు. ఉలి దిగదు దానికి.
ఇసకా నీళ్లూ పోసి అరగదీయటమే,
నువ్వు పన్ను దిద్దినట్టు."
ఆ పూట నా చేతులకేసి
నేనే రెండుసార్లు చూసుకున్నా.

రెండువేల ఏళ్ల కింద వాళ్ల దేశంలో
పోయినవాళ్ల గుప్పిట్లో జేడ్ పంది,
నాలిక మీద ఈ పురుగు.
ఏళ్లకేళ్లు మట్టిలో పడుండి
ఓ రాత్రి చెట్టెక్కి, డొల్ల అక్కడే వదిలేసి
అరవటం మొదలుపెడుతుంది కదా, అందుకని.

"మీ భాషలో ఏమంటార్రా దీన్ని?"
కీచురాయి, అన్నా.
తిరుగుతున్న బిళ్లని కాలితో ఆపేశాడు.
"రాయా? మీకెవరు చెప్పారు?"
నాకేం తెలుసు? మా అమ్మ అనేది, నేనన్నా.
ఆ రోజంతా తనలో తనే నవ్వుకున్నాడు
ఓ పక్క పళ్లు లేని నోటితో.

మే నెల. రోడ్డు మీద మిరప ఘాటు.
కలకత్తా నుంచి కూతురొచ్చింది.
పెట్టె మూసేముందు
నేను చేసిన పళ్లు ఆయనకి నేనే పెడతానన్నా.

అగ్గిపెట్టె తెరిచి, పురుగుని వెల్లకిలా తిప్పితే
పొట్ట కింద ఒక గీత పక్కనే
వెంట్రుకంత ఇంకో గీత.
ఆ జంటగీత నాకు తెలుసు.
మా రెండో నంబరు బిళ్ల, అంచు విరిగింది,
మార్చమంటే మార్చలేదు ఎనిమిదేళ్లు.

అది పాతదని ఆయనెప్పుడూ అనలేదు.
నేనే అనుకున్నా.

"అంతసేపు ఏం చేశావు నోట్లో?" అంది కూతురు.
పై వరస కాస్త వదులుగా ఉందమ్మా,
సరిచేశా, అన్నా.